పేరు చెప్పే ఫొటో: మాక్రోలో పురుగులను గుర్తుపట్టడానికి బెంగళూరు నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

2019 ఆగస్టులో తురహళ్ళి అడవి అంచున తీసిన కందిరీగ ఫొటో ఒకటి నా దగ్గర ఉంది. కళ్ళు రెండూ అద్దాల్లా వచ్చాయి. ముఖం మీది సన్నని నూగు కూడా కనిపిస్తుంది. ఆ రోజు ఆ ఒక్క పురుగుకే నలభై ఫొటోలు తీశాను, నలభైకి నలభై ముఖానివే. నడుము ఎలా ఉందో, రెక్కలు ఎలా మడిచిందో, పొట్ట మీద పట్టీలు ఎన్నో, ఏ మొక్క మీద వాలిందో ఒక్క దాంట్లోనూ లేదు. ఇప్పటికీ ఆ ఫోల్డర్ పేరు ‘కందిరీగ’ అనే ఉంది. కీటకాలు తెలిసిన ఒకాయనకు చూపిస్తే, “పక్క నుంచి తీసింది ఒక్కటైనా ఉందా?” అని అడిగారు. లేదు.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఫొటో అందంగా వచ్చిందా అని చూసుకునే ముందు, రేపు ఈ పురుగు గురించి ఎవరైనా ప్రశ్న వేస్తే ఇందులో జవాబు దొరుకుతుందా అని చూసుకుంటాను. ఆ ప్రశ్నలేమిటో, వాటి జవాబులు పురుగు ఒంటి మీద ఎక్కడెక్కడ ఉంటాయో, అందుకు కెమెరా ఎటు తిప్పాలో వరసగా రాస్తాను. ఉదాహరణలన్నీ బెంగళూరు చెరువు గట్ల మీద, పార్కుల్లో, బాల్కనీ కుండీల్లో మామూలుగా కనిపించేవే. తిరుపతిలోనో కర్నూలులోనో ఉన్నవాళ్ళకు కూడా వీటిలో చాలావరకు ఎదురవుతాయి.

మొదటి మెట్టు: కెమెరా, వెలుతురు

దీని గురించి ఎక్కువ చెప్పను. ఫోనుకు తగిలించే క్లిప్ లెన్స్‌తో మొదలుపెట్టినా పరవాలేదు. మిర్రర్‌లెస్ కెమెరా ఉంటే 90 నుంచి 105 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్ (చిన్నవాటిని పెద్దగా తీసేది) హాయిగా ఉంటుంది, పురుగుకు మరీ దగ్గరికి వెళ్ళనక్కర్లేదు. ఖర్చు వద్దనుకుంటే ఉన్న లెన్స్‌కే ఎక్స్‌టెన్షన్ ట్యూబ్, అంటే కెమెరాకీ లెన్స్‌కీ మధ్య పెట్టే గొట్టం, వేసుకోవచ్చు. నేను అపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె) ఎఫ్ 8 నుంచి ఎఫ్ 11 మధ్యలో, షట్టర్ 1/200 దగ్గర పెట్టి ఫ్లాష్‌తో తీస్తాను.

గుర్తుపట్టడానికి ఫ్లాష్ కంటే దాని ముందు పెట్టే డిఫ్యూజర్, అంటే వెలుతురును మెత్తబరిచే తెర, ముఖ్యం. పెంకు పురుగుల వీపు అద్దంలా మెరుస్తుంది. ఫ్లాష్ నేరుగా పడితే అక్కడ తెల్లటి మరక మాత్రమే మిగులుతుంది. మనకు కావాల్సిన చుక్కలు, గీతలు, సన్నని నూగు ఆ మరక కింద పోతాయి. టీవీ పెట్టెలో వచ్చే పల్చటి తెల్ల ఫోమ్ షీటును వంచి ఫ్లాష్ ముందు కట్టినా చాలు.

ఇంకో సంగతి తప్పకుండా తెలిసి ఉండాలి. పురుగు అసలు సైజులోనే సెన్సర్ మీద పడేంత దగ్గరగా, అంటే 1:1లో తీస్తే, ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో ఎఫ్ 11 పెట్టినా ఫోకస్‌లో ఉండే మందం ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు. అందుకని ఏ భాగం చూపించాలనుకుంటున్నామో ఆ భాగానికి కెమెరా వెనుక భాగం సమాంతరంగా ఉండాలి. రెక్కలు మూసుకుని కూర్చున్న సీతాకోకచిలుకను కొంచెం ఏటవాలుగా తీసినా సగం రెక్క మసకబారుతుంది. ఫోకస్ రింగు తిప్పుతూ కూర్చోకుండా, ఫోకస్ ఒకచోట స్థిరంగా పెట్టి, మన ఒంటినే ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా కదిలించడం తొందరగా పట్టుబడుతుంది.

రెండో మెట్టు: ఎప్పుడు, ఎక్కడ

పురుగుల ఒంటి వేడి చుట్టూ ఉన్న గాలిని బట్టి ఉంటుంది. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి తెల్లవారుజామున చల్లగా ఉంటుంది. ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర లోపు తూనీగలు, సీతాకోకచిలుకలు ఎగరడానికి ఇంకా సిద్ధం కావు. అప్పుడైతే పైనుంచి, పక్కనుంచి, ముందునుంచి తీరిగ్గా తీసుకోవచ్చు. పది దాటాక అదే తూనీగ వెనక అరగంట తిరిగినా రెండు ఫొటోలు రావు.

అరెకెరె దగ్గరి దొరెసానిపాళ్య అడవి సీతాకోకచిలుకలకు మంచి చోటు. కైకొండ్రహళ్ళి, జక్కూరు చెరువు గట్లు తూనీగలకు బాగుంటాయి. జీకేవీకే (వ్యవసాయ విశ్వవిద్యాలయం) ఆవరణలోనూ లాల్‌బాగ్‌లోనూ అన్నీ కలిసి దొరుకుతాయి. పెద్ద కెమెరా తీసుకెళ్ళేవాళ్ళు గేటు దగ్గర అనుమతి సంగతి ముందే అడగడం మంచిది.

చోటు కంటే మొక్కను ఎంచుకోవడం నాకు ఎక్కువ ఫలితం ఇచ్చింది. రోడ్డు పక్కన జిల్లేడు కనిపిస్తే ఆగండి. ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక ఎక్కువగా గుడ్లు పెట్టేది దాని మీదే. పసుపు, నీలం చారలతో రంగులు పూసినట్టుండే జిల్లేడు మిడత, పసుపు రంగు పేనుబంక, ఆ పేనుబంకను తినే అక్షింతల పురుగులు, అన్నీ ఆ ఒక్క మొక్క మీదే దొరుకుతాయి. కరివేపాకు మీద కామన్ మోర్మన్, లైమ్ సీతాకోకచిలుకల గొంగళి పురుగులు, నందివర్ధనం మీద ఓలియాండర్ హాక్ మాత్ గొంగళి, బెండ, మందారం మీద గుంపులుగా ఎర్ర పత్తి పురుగులు ఉంటాయి. బాల్కనీలో ఈ కుండీలు రెండు ఉన్నా ఏడాదంతా పని ఉంటుంది.

మూడో మెట్టు: తీసే వరస

పురుగు కనిపించగానే దూరం నుంచే ఒక ఫొటో తీసేయండి. ఎగిరిపోతే అదైనా మిగులుతుంది. తరువాత ఒక్కో అడుగూ దగ్గరవుతూ పైనుంచి వీపంతా కనిపించేలా ఒకటి, పక్క నుంచి తల నుంచి తోక దాకా ఒకటి తీయండి. గుర్తుపట్టడంలో సగం పని ఈ రెండింటితోనే అయిపోతుంది. మనకు ఇష్టమైన ముఖం ఫొటో వాటి తరువాతే. వీలైతే రెక్కల ఈనెలు, కాళ్ళు, కింది భాగం కూడా తీయండి. ఆకు మీద ఉంటే ఆకు కిందికి చేయి పోనిచ్చి ఫోనుతో పైకి ఒకటి కొట్టినా పని జరుగుతుంది. చివరగా రెండడుగులు వెనక్కి వచ్చి మొక్క మొత్తాన్ని ఒకటి తీయండి. ఆకు, పువ్వు రెండూ అందులో ఉండాలి. నేను చాలా కాలం వదిలేసింది ఈ ఫొటోనే. దాని విలువ తరువాత చెబుతాను.

సైజు తెలియడానికి పక్కన నాణెం పెట్టే ప్రయత్నంలో పురుగు ఎగిరిపోతుంది. అంతకంటే తేలిక పద్ధతి ఉంది. లెన్స్ 1:1 గుర్తు దగ్గర ఉన్నప్పుడు ఫుల్ ఫ్రేమ్ ఫొటో వెడల్పు 36 మిల్లీమీటర్లు, సెన్సర్ చిన్నదైన ఏపీఎస్-సీ కెమెరా అయితే సుమారు 23. పురుగు ఫుల్ ఫ్రేమ్ ఫొటోలో మూడో వంతు ఆక్రమిస్తే అది దాదాపు 12 మిల్లీమీటర్లు ఉన్నట్టు. ఒక్క ఫొటో 1:1లో, కత్తిరించకుండా దాచుకుంటే చాలు.

నాలుగో మెట్టు: కాళ్ళు లెక్కపెట్టండి

చిన్నప్పటి సైన్సు పాఠమే. కీటకానికి తల, రొమ్ము, పొట్ట అని మూడు భాగాలు, ఆరు కాళ్ళు, ఒక జత మీసాలు ఉంటాయి. సాలీడుకు శరీరం రెండు భాగాలే, కాళ్ళు ఎనిమిది, మీసాలు ఉండవు. తెలిసిందేలే అని లెక్కపెట్టకుండా వదిలేస్తాం, తప్పు అక్కడే జరుగుతుంది.

ఒక జూన్‌లో మా ఊరు మదనపల్లెకు వెళ్ళినప్పుడు, వాన పడిన మర్నాడు మా అమ్మ చేలో నుంచి కేకేసింది. “రారా, ఆరుద్ర పురుగులు! కార్తె వచ్చిందంటే చాలు, ఎక్కడున్నా బయటికొస్తాయి.” ఎర్ర మఖమల్ గుడ్డతో కుట్టినట్టున్న ఆ చిన్న ప్రాణిని తీసి, ఫోనులో పెద్దది చేసి అమ్మకు చూపించాను. “కాళ్ళు లెక్కపెట్టమ్మా” అన్నాను. స్క్రీన్ మీద వేలు పెట్టి లెక్కపెట్టి, “ఎనిమిది ఉన్నాయే!” అంది. పాత కావ్యాల్లో ఇంద్రగోపం అని పేరున్న ఆ ఆరుద్ర పురుగు కీటకం కాదు. సాలీళ్ళ, తేళ్ళ వైపు చుట్టం. అరవై ఏళ్ళుగా అరచేతిలో పెట్టుకుని చూసిన పురుగు గురించి ఆ రోజు అమ్మకు కొత్త సంగతి తెలిసింది, ఆమె కళ్ళల్లో ఆ సంతోషం నాకు బాగా గుర్తు.

దీనికి తిరగబడిన ఉదాహరణ సీతాకోకచిలుకల్లో ఉంది. ప్లెయిన్ టైగర్‌ను పక్క నుంచి తీస్తే నాలుగు కాళ్ళే కనిపిస్తాయి. ఫొటోలో రెండు కాళ్ళు తప్పిపోయాయని అనుకోవద్దు. అది ఉండే కుటుంబంలో, అంటే దగ్గరి జాతుల గుంపులో, ముందు జత కాళ్ళు చిన్నవైపోయి, బ్రష్షుల్లా రొమ్ముకు అతుక్కుని ఉంటాయి. నడవడానికి పనికిరావు. అంటే నాలుగు కాళ్ళు కనిపించడమే ఒక ఆనవాలు. కుటుంబం అక్కడే తేలిపోతుంది. కామన్ మోర్మన్ లాంటి తోక సీతాకోకచిలుకలకు ఆరు కాళ్ళూ మామూలుగానే కనిపిస్తాయి.

చీమల దగ్గర మరీ జాగ్రత్త. మామిడి చెట్ల మీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమల మధ్య, అచ్చం వాటిలాగే ఉండే సాలీడు ఒకటి తిరుగుతుంది. ముందు కాళ్ళు రెండూ ఎత్తి మీసాల్లా ఆడిస్తుంది కాబట్టి కాళ్ళు ఆరే ఉన్నట్టు అనిపిస్తుంది. ముఖం ఫొటో తీస్తే సంగతి బయటపడుతుంది. కారు హెడ్‌లైట్లలా ముందుకు చూసే రెండు పెద్ద కళ్ళు ఏ చీమకూ ఉండవు.

ఐదో మెట్టు: రెక్కలు

నా మటుకు నాకు అన్నిటికంటే ఎక్కువ చెప్పేవి రెక్కలే. నాలుగున్నాయా రెండే ఉన్నాయా, పైవి గట్టివా పల్చనివా, కూర్చున్నప్పుడు ఎలా పెట్టుకుంది అనే మూడు ప్రశ్నలు వేసుకోండి.

తులసి పూల మీద పసుపు, నలుపు పట్టీలతో తిరిగేవన్నీ తేనెటీగలు కావు. వాటిలో చాలా హోవర్ ఫ్లైలు, అంటే ఈగ జాతివి. గాలిలో ఒకేచోట ఆగి ఎగురుతాయి, కుట్టలేవు, తేనెటీగ వేషం వేసుకుని పక్షులను భయపెడతాయి. ఈగ జాతికి రెక్కలు రెండే. రెండో జత ఉండాల్సిన చోట గుండుసూది తలల్లాంటి చిన్న కాడలు ఉంటాయి, ఎగిరేటప్పుడు బ్యాలెన్స్ కోసం. పక్క నుంచి తీసిన ఫొటోను పెద్దది చేసి చూస్తే అవి దొరుకుతాయి. తేనెటీగకు నాలుగు రెక్కలున్నా ముందూ వెనకా రెక్కలు చిన్న కొక్కేలతో కలిసిపోయి రెండే అనిపించవచ్చు. అప్పుడు మీసాలు చూడండి. ఈగకు ముక్కు మీద రెండు చిన్న మొలకల్లా ఉంటాయి, తేనెటీగకు పొడుగ్గా, మోచేయిలా వంగి ఉంటాయి. ఈగ కళ్ళు తలంతా ఆక్రమిస్తాయి, తేనెటీగవి పక్కలకు ఉంటాయి. వెనక కాలికి పుప్పొడి ముద్ద కనిపిస్తే ఇక సందేహం లేదు, తేనెటీగే.

తేనెటీగ అని తేలాక బెంగళూరులో అడగాల్సిన ప్రశ్న ఏ తేనెటీగ అని. ఎత్తైన భవనాల అంచులకు, పెద్ద చెట్ల కొమ్మలకు ఒకే పెద్ద పట్టు పెట్టేది కొండ తేనెటీగ. ఆ పట్టు దగ్గర ఫ్లాష్ వాడకండి, దగ్గరికే వెళ్ళకండి. పొదలో సన్నని కొమ్మ చుట్టూ అరచేతి అంత పట్టు పెట్టేది చిన్న తేనెటీగ, దాని పొట్ట మొదట్లో ఎర్రగా ఉంటుంది. గోడ కన్నంలోనో చెట్టు తొర్రలోనో వరుస పట్టులు పెట్టేది మనవాళ్ళు పెట్టెల్లో పెంచే తేనెటీగ. నాలుగు మిల్లీమీటర్లు కూడా లేని నల్లటిది, గోడ పగులులో మైనపు గొట్టంలాంటి గుమ్మం కట్టుకునేది, కుట్టని తేనెటీగ. వీటన్నిటి మధ్య భేదం సైజులోనూ పట్టులోనూ ఉంది. ముఖం ఫొటో ఒక్కటే ఉంటే నాలుగింటినీ విడదీయడం చాలా కష్టం.

ఇక పెంకు పురుగు, నల్లి జాతి పురుగు. ఈ రెండిటినీ కలిపేయడం చాలామందికి అలవాటు. పెంకు పురుగు పైరెక్కలు గట్టి డొప్పలు, వీపు మధ్యలో తిన్నని ఒకే గీత దగ్గర కలుస్తాయి. నల్లి జాతి పురుగుల్లో చాలావాటికి పైరెక్క సగం తోలులా, సగం పొరలా ఉంటుంది. అవి ఒకదాని మీద ఒకటి వాలి వీపు మీద గుణకారం గుర్తులా కనిపిస్తాయి, మెడ వెనుక ఒక త్రికోణం ఉంటుంది. పైనుంచి తీసిన ఒక్క ఫొటో ఈ తగవు తీర్చేస్తుంది. ఒక్క చోట మాత్రం మోసపోతాం. నీలం, ఆకుపచ్చ రంగుల్లో నగలా మెరిసే జ్యూయెల్ బగ్‌ను అందరూ పెంకు పురుగే అంటారు. దానికి ఆ త్రికోణమే పెరిగి పెరిగి పొట్టంతా కప్పేసింది. అందుకే వీపు మధ్యలో గీత ఉండదు. గీత లేదంటే నల్లి జాతే. అనుమానం తీరకపోతే కింది నుంచి తీసిన ఫొటో చూడండి, తల కింద సూదిలాంటి గొట్టం మడిచిపెట్టి ఉంటుంది. పెంకు పురుగుకు అయితే నమిలే దవడలు ఉంటాయి. ఆ సూది సన్నగా, తిన్నగా పొట్ట కింద ఆనుకుని ఉంటే సాధారణంగా మొక్క రసం పీల్చేది, లావుగా కొడవలిలా వంగి ఉంటే సాటి పురుగులను పొడిచి తినేది.

అక్షింతల పురుగుల సంగతి బాల్కనీ తోటలున్నవాళ్ళు శ్రద్ధగా చదవాలి. పేనుబంకను, పిండినల్లిని తినే మిత్ర పురుగునూ అక్షింతల పురుగనే అంటాం, వంకాయ ఆకును జల్లెడ చేసే శత్రువునూ అదే పేరుతో పిలుస్తాం. తెలియక మిత్రుణ్ణి నలిపేసేవాళ్ళను చాలామందిని చూశాను, చాలా బాధేస్తుంది. మిత్ర పురుగుల వీపు నున్నగా మెరుస్తుంది. వంకాయ మీదిదాని వీపు మీద సన్నని నూగు ఉండి మెరుపు లేకుండా మసకగా కనిపిస్తుంది, చుక్కలు 28 దాకా ఉంటాయి. డిఫ్యూజర్ కట్టమన్నది ఇలాంటి చోట్లకే. నేరు ఫ్లాష్‌లో రెండూ ఒకేలా మెరుస్తాయి.

వానాకాలం రాత్రుల్లో లైటు చుట్టూ చేరే సన్నని నారింజ, నలుపు రంగుల పురుగు ఒకటుంది. పెద్ద చీమలా కనిపిస్తుంది. పైరెక్కలు పొట్టి చొక్కాలా రొమ్ము దగ్గరే ఆగిపోయి పొట్ట బయటికి ఉంటే అది కూడా పెంకు పురుగుల్లోనిదే. ఒంటి మీద వాలితే నలపకండి, ఊది పంపేయండి. దాని ఒంట్లో ఉన్న రసం చర్మానికి తగిలితే బొబ్బలు వస్తాయి.

తూనీగల్లో రెక్కలు చాచి కూర్చునేవి, వీపు మీద మడిచి కూర్చునే సన్న తూనీగలు అని రెండు గుంపులు. సన్న తూనీగ కళ్ళు తలకు రెండు పక్కలా దూరంగా ఉంటాయి. పెద్ద తూనీగల్లో చాలావాటికి కళ్ళు పైన కలుసుకుంటాయి. రెక్క చివర దగ్గర చిన్న రంగు పెట్టె ఉంటుంది, దాని రంగు కూడా పేరు తేల్చడానికి పనికొస్తుంది. మగ తూనీగకు పొట్ట మొదట్లో, రెండు మూడు కణుపుల కింద చిన్న ఉబ్బు ఉంటుంది. ఆడా మగా రంగుల్లో పూర్తిగా వేరుగా ఉండే తూనీగలు చాలా ఉన్నాయి కాబట్టి, పక్క నుంచి ఆ ఉబ్బు, తోక చివరి కొక్కేలు కనిపించేలా తీయడం తప్పనిసరి. కాంపౌండు గోడ మీద, లాల్‌బాగ్ బండలాంటి రాళ్ళ మీద రాయి రంగులో కలిసిపోయి కూర్చునే తూనీగను గ్రానైట్ ఘోస్ట్ అంటారు. ఒకసారి కన్ను అలవాటు పడిందంటే మీ వీధి గోడల మీదే కనిపించవచ్చు.

ఆరో మెట్టు: మీసాలు, నడుము

సీతాకోకచిలుక మీసం చివర గుండుగా ఉంటుంది. మాత్‌లకు చాలావరకు దారంలానో ఈకలానో ఉంటుంది. రంగులు చూసి సీతాకోకచిలుక అనుకోవద్దు, పగటిపూట తిరిగే రంగురంగుల మాత్‌లు కూడా చాలా ఉన్నాయి. మిడతల్లో మీసం పొట్టిగా ఉంటే ఒక గుంపు, ఒంటికంటే పొడుగ్గా వెంట్రుకలా ఉంటే కీచురాళ్ళకు దగ్గరి గుంపు. ఈ రెండో గుంపుకు చెవులు ముందు కాళ్ళ మీద ఉంటాయి. మోకాలి కింద సన్నని చీలికలా కనిపిస్తుంది, మాక్రోలో తీసి చూడండి. తూనీగలా ఉండి, పొడుగు మీసాలు చివర గుండుగా ఉన్నవి కనిపిస్తే అవి తూనీగలు కావు. ఔల్ ఫ్లై అంటారు. తూనీగ మీసాలు కంటికి ఆనీ ఆననంత చిన్నవి.

కందిరీగలకు, చీమలకు నడుమే గుర్తు. తేనెటీగకు నూగు ఎక్కువ, కందిరీగకు తక్కువ, నడుము దారంలా ఉంటుంది. చీమ నడుములో ఒక బొడిపె ఉందా రెండున్నాయా అన్నది చీమల్లో మొదటి ప్రశ్న. చెట్ల బెరడు మీద ఎర్ర రొమ్ము, నల్ల తల, నల్ల పొట్ట ఉన్న సన్నటి చీమకు రెండు బొడిపెలుంటాయి, గట్టిగా కుడుతుంది, మోచేయి ఆనించే ముందు చూసుకోండి. ఇంట్లో తిరిగే పెద్ద నల్ల గండుచీమకు ఒకటే బొడిపె, కొండి లేదు, కొరుకుతుంది అంతే. బొడిపెలు పక్క నుంచి మాత్రమే తెలుస్తాయి. నా తురహళ్ళి ఫొటోల్లో లేనిది ఇదే.

ఏడో మెట్టు: ఒకేలా ఉండేవాటిని విడదీయడం

కుటుంబం తేలిపోయాక అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. ప్లెయిన్ టైగర్ ఒంట్లో జిల్లేడు విషం ఉంటుంది, పక్షులు ముట్టవు. ఆ రక్షణ కోసం డానాయిడ్ ఎగ్‌ఫ్లై అనే మరో సీతాకోకచిలుకలో ఆడది అచ్చం దాని రంగులే వేసుకుంది. తేడా వెనక రెక్కలో ఉంది. ప్లెయిన్ టైగర్ వెనక రెక్క మధ్యలో మూడు నల్ల చుక్కలుంటాయి, మగదానికి ఇంకొకటి అదనం. ఎగ్‌ఫ్లైకి పై అంచు దగ్గర ఒక్కటే. ముందు రెక్క ఎంత అందంగా ఉన్నా వెనక రెక్క పూర్తిగా ఫ్రేములో లేకపోతే ఈ రెండిటినీ విడదీయలేం. ఎగ్‌ఫ్లై గొంగళి గంగవాయిలి కూర తింటుంది, ప్లెయిన్ టైగర్‌ది జిల్లేడు. గుడ్లు పెడుతూ దొరికితే మొక్క ఫొటోనే పేరు చెప్పేస్తుంది. మొక్కను కూడా తీయమన్నది ఇందుకే.

కామన్ మోర్మన్ ఆడది మరో అడుగు ముందుకేసింది. దాని ఆడవాటిలో కొన్ని మగదానిలాగే ఉంటాయి, కొన్ని కామన్ రోజ్ అనే సీతాకోకచిలుకలా, కొన్ని క్రిమ్సన్ రోజ్ అనేదానిలా ఉంటాయి. రెక్కలు చూస్తూ ఎంతసేపు కూర్చున్నా తేలదు, ఒళ్ళు చూడండి. రోజ్‌లకు ఒళ్ళు ఎర్రగా ఉంటుంది. మోర్మన్ రెక్కను అనుకరించింది గానీ ఒళ్ళు నల్లగానే మిగిలింది. దొరెసానిపాళ్యలో మొదటిసారి ఈ తేడా నా కెమెరా వెనక తెర మీద కనిపించిన రోజు, ఆ సీతాకోకచిలుకతో మాట్లాడినంత ఆనందమేసింది.

పిల్ల పురుగులు పెద్దవాటిలా ఉండవని కూడా గుర్తుంచుకోవాలి. అక్షింతల పురుగు పిల్ల చిన్న మొసలిలా పొడుగ్గా, నల్లగా, నారింజ మచ్చలతో ఉంటుంది. పిండినల్లిని తినే ఒక అక్షింతల పురుగు పిల్ల అయితే తెల్లటి మైనపు పోగులతో అచ్చం పిండినల్లిలాగే కనిపిస్తుంది. చురుగ్గా పరుగెడుతూ ఉంటే అది తినడానికి వచ్చిన మిత్రుడు. మిడతలు, నల్లి జాతి పిల్లలకు రెక్కలు పూర్తిగా రావు, భుజాల దగ్గర చిన్న మొగ్గల్లా ఉంటాయి. అలాంటి ఫొటోకు జాతి పేరు పెట్టడానికి తొందరపడొద్దు.

ఎనిమిదో మెట్టు: ఎవరిని అడగాలి, ఎక్కడ ఆగాలి

ఇన్ని చూసుకున్నాక ఫొటోలను ఐనాచురలిస్ట్‌లోనో ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో పెట్టండి, ఇవి ఎవరైనా తాము చూసిన ప్రాణుల ఫొటోలు పెట్టి పేరు అడిగే వెబ్‌సైట్లు. సీతాకోకచిలుకలకైతే బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ (జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) నడిపే బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్ ఉంది. పంటల మీది పురుగులకు హెబ్బాళలోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో వెబ్‌సైట్‌లో మంచి ఫొటోలున్నాయి. ఒకే పురుగు ఫొటోలన్నీ ఒకే పరిశీలన కింద పెట్టండి, విడివిడిగా వద్దు. ఫొటో ఎక్కించగానే కంప్యూటర్ ఒక పేరు సూచిస్తుంది. దాన్ని జవాబుగా తీసుకోకుండా ప్రశ్నగా తీసుకోండి. ఆ పేరుగల పురుగుకు ఉండాల్సిన గుర్తులు నా ఫొటోలో కనిపిస్తున్నాయా అని ఒక్కొక్కటీ సరిచూడండి. కనిపించకపోతే కుటుంబం దగ్గరే ఆగండి. ‘హోవర్ ఫ్లై’ అని సరిగ్గా ఆగిన రికార్డు, తప్పు జాతి పేరున్న రికార్డు కంటే పరిశోధన చేసేవాళ్ళకు ఎంతో మేలు.

ఎంత మంచి ఫొటో అయినా చెప్పలేనివి కొన్ని ఉంటాయి. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గదగ్‌కర్ దశాబ్దాలుగా అధ్యయనం చేసిన కందిరీగ, రోపాలిడియా మార్జినేటా, మన ఊళ్ళో కిటికీల మీద కూడా కాగితపు గూడు కడుతుంది. ఆ గూట్లో రాణికీ కూలీలకీ చూపులో తేడా లేదు. ఒక్కో కందిరీగకూ రంగు చుక్క పెట్టి, ఎవరు ఏం చేస్తున్నారో గంటల తరబడి చూసి, గుడ్లు పెట్టేదేదో పట్టుకోవాల్సి వచ్చింది. గూటి ఫొటో తీసి ‘రాణి’ అని రాసే ముందు దీన్ని తలచుకోండి.

ఫొటో కోసం పురుగును ఫ్రిజ్‌లో పెట్టి మందగింపజేయడం, గుండుసూదితో గుచ్చడం, గూడు కదిలించడం చేయకండి. కొన్ని సీతాకోకచిలుకలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కూడా ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, భయపడిన పురుగు కూర్చునే తీరు మారిపోతుంది, ఆ ఫొటోలో మనకు కావాల్సిన గుర్తు కూడా పోతుంది.

చివరి పని ఇంటికొచ్చిన రోజే చేయాలి, వారం తరువాత గుర్తుండదు. ఫోల్డర్ పేరులో తేదీ, టైము, చోటు, మొక్క, సుమారు సైజు, ఏం చేస్తోందో రాయండి. నాది ఒకటి ఇలా ఉంది: ‘2024 అక్టోబర్ 12, ఉదయం 7:10, కైకొండ్రహళ్ళి చెరువు గట్టు, జిల్లేడు ఆకు అడుగున, 9 మిల్లీమీటర్లు, పేనుబంక తింటోంది, అక్షింతల పురుగు పిల్ల, జాతి తెలియదు, పై, పక్క, కింద, మొక్క ఫొటోలు ఉన్నాయి.’